కాల్షీటు లేని రోజు

పేరున్న నటుడెవరైనా ఒక వయసు దాటాక ఇచ్చే ఇంటర్వ్యూలో ఈ మాట వచ్చి తీరుతుంది: డబ్బు చూశాం, పేరు చూశాం, సుఖం మాత్రం వాటిలో దొరకలేదు. వినేవాళ్ళలో సగంమంది వేదాంతం అనుకుని తలూపుతారు. మిగతా సగం కడుపు నిండినవాడి కబుర్లని కొట్టిపారేస్తారు. ఇద్దరూ తొందరపడ్డట్టే. నటనలో పని ఎలా దొరుకుతుందో, ఎలా చేజారుతుందో తెలిసినవాడు చెప్పే లెక్క అది. ఆ లెక్క తెలుసుకోవాలంటే గోదావరి డెల్టా వైపు చూడడం మేలు. తెలుగు తెరకు నటులను పంపిందీ, వాళ్ళ సినిమాలకు టిక్కెట్లు కొని జాతకాలు తేల్చిందీ ఈ నేలే.

ఇక్కడివాళ్ళకు నాటకాల పిచ్చి ఊరికే పట్టలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల కింద భూములు సాగులోకొచ్చాయి. పంట ఇంటికొచ్చాక రైతు చేతిలో నాలుగు డబ్బులూ కాస్త తీరికా మిగిలాయి. వర్తకం పెరిగి రాజమండ్రి, కాకినాడ లాంటి ఊళ్ళకు గుమాస్తాలు, ప్లీడర్లు, మాస్టార్లు చేరారు. సాయంత్రం పూట వీళ్ళందరికీ కావలసిన కాలక్షేపం నాటకం. రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడి సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాసిచ్చారు. అందులో ఆడవేషాలు కట్టిన కుర్రాడు టంగుటూరి ప్రకాశం తరవాత రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయ్యారు. సినిమాకు మాటలొచ్చిన కొత్తలోనూ ఆ ఉత్సాహం తగ్గలేదు. 1936 నాటికే రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టి సినిమా తీశారు. అది ఎక్కువకాలం నిలబడలేదనుకోండి, అయినా ఆ రోజుల్లో అంత సాహసం చేయాలన్న ఆలోచన రావడమే విశేషం.

కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంస్థ ఉండేది. ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆమె భర్త సంగీత దర్శకుడు ఆదినారాయణరావు, రేలంగి, సూర్యకాంతం, వీళ్ళందరికీ ఆ క్లబ్బుతో సంబంధం ఉంది. తెలుగు సినిమా స్వర్ణయుగంలో సగం తారాగణం ఒక్క ఊరి నాటకాల గదిలో రిహార్సల్స్ చేసి వెళ్ళిందంటే అతిశయోక్తి పాలు తక్కువే. క్లబ్బు అంటే బతుకుతెరువు కాదు. బతుకుతెరువు వేరే ఉంటుంది. సినిమాల్లోకి రాకముందు రంగారావు ఫైర్ సర్వీసులో ఉద్యోగం చేశారు. వేషం దొరక్కపోతే ఆ పూటకు చిన్నబుచ్చుకోవాల్సిందే తప్ప ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

మద్రాసు రైలెక్కాక ఈ ఏర్పాటు తలకిందులైంది. సరదాగా చేసే పనే సంపాదన అయింది. కవికి కాగితం ఉంటే చాలు, రాసుకుంటాడు. వైణికుడికి వీణ ఉంటే చాలు. నటుడికి మాత్రం ఎవరో కథ రాయాలి, ఎవరో డబ్బు పెట్టాలి, ఎవరో ఈ వేషానికి ఇతనే అనుకోవాలి, ఆపైన జనం రావాలి. ఇందులో ఏ ఒక్కటీ అతని చేతిలో లేదు. కాల్షీటు, అంటే నటుడు కంపెనీకి తేదీలు రాసిచ్చే ఏర్పాటు, ఈ పరాధీనతకు పెట్టిన రాతకోత. డైరీలో ఏ తేదీ ఏ కంపెనీదో నిండుగా రాసి ఉంటే విజయం, ఖాళీగా ఉంటే పరాజయం. నటుడి సుఖదుఃఖాల గురించి తెలుసుకోవాలంటే అతను బిజీగా ఉన్న రోజుల్ని చూసి లాభం లేదు, అప్పుడు ఆలోచించే తీరికే ఉండదు. కాల్షీటు లేని రోజున ఆ మనిషి ఏం చేసేవాడన్నదే చూడాలి.

రేలంగి వెంకట్రామయ్యది రావులపాలెం దగ్గర రావులపాడు. 1935లో సి. పుల్లయ్య తీసిన శ్రీకృష్ణ తులాభారంతో తెరకెక్కారు. అక్కణ్ణుంచి పేరు రావడానికి పట్టిన కాలం తక్కువేం కాదు. వింధ్యరాణి, గుణసుందరి కథ వచ్చేదాకా, అంటే 1948, 49 దాకా, ఆయన్ని నటుడిగా పట్టించుకున్నవాళ్ళు లేరు. మధ్యలో ఆ పదమూడు పధ్నాలుగేళ్ళూ పుల్లయ్య దగ్గరే నటీనటుల్ని కూర్చడం, ప్రొడక్షన్ పనులు చూడడం. ఏ వేషానికి ఎవరు సరిపోతారో, ఎవరికెంత ఇస్తే ఒప్పుకుంటారో బేరాలు ఆయన కళ్ళ ముందే నడిచేవి. తనకు మాత్రం చెప్పుకోదగ్గ వేషం ఉండదు. ఇంత దగ్గరగా సరుకు ధర చూసిన నటుడు తెలుగులో ఇంకొకరు కనబడరు.

అందుకే కాబోలు, పేరు పతాకస్థాయిలో ఉన్నప్పుడు రేలంగి తాడేపల్లిగూడెంలో సొంత సినిమాహాలు కట్టుకున్నారు. రేలంగి చిత్రమందిర్. నటుడు హాలు కట్టడంలో పెట్టుబడి తెలివే చూస్తారు చాలామంది. అంతకుమించిన సంగతి ఉంది. సినిమా వ్యాపారంలో నటుడికి డబ్బు ఇంకొకరు పిలిస్తేనే వస్తుంది. హాలు యజమాని తలుపు తీస్తే వస్తుంది. సినిమా ఎవరిదైనా సరే, ఆటకు ఆట జమ. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1975లో కన్నుమూసిందీ ఆ తాడేపల్లిగూడెంలోనే. మద్రాసు ఆయనకు పనిచోటు, ఊరు మాత్రం ఇదే.

సూర్యకాంతం కథ ఇంకో రకం. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924లో పుట్టిన ఈమెకు మొదట్లో హీరోయిన్ కావాలనే ఉండేది. ఆమె గురించి సినిమావాళ్ళు తరచూ చెప్పుకునే సంగతి ఒకటుంది. ఒక సినిమాలో కథానాయిక అవకాశం వచ్చింది. తీరా చూస్తే అంతకుముందు అనుకున్న అమ్మాయిని తీసేసి ఆ చోటు ఈమెకిస్తున్నారని తెలిసింది. ఇంకొకరి ఏడుపు మీద తన సంతోషం కట్టుకోలేనని ఆమె వదులుకున్నారట. తరవాత 1950లో సంసారం సినిమాతో గయ్యాళి అత్త వేషం కుదిరింది. ఇక జీవితమంతా అదే. ఎడమచెయ్యి తిప్పుతూ ఆమె మాట విసిరితే హాల్లో ఆడవాళ్ళు నిజంగానే తిట్టుకునేవారు. కూతురికి సూర్యకాంతం అని పేరు పెట్టుకోవడానికి జనం జంకారంటే ఆ నటన ఎంత పండిందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు షూటింగుకి వెళ్ళి చూడండి. అదే మనిషి ఇంట్లో వండించి తెచ్చిన పులిహోర, పిండివంటలు అందరికీ కొసరి కొసరి పెడుతూ కనిపించేది. ఆమె క్యారియర్ కోసం హీరోలు కూడా ఎదురుచూసేవారని తోటివాళ్ళు పదే పదే చెప్పారు. తెర మీద కోడలికి అన్నం పెట్టని అత్త, తెర వెనక ఊరందరికీ పెట్టే తల్లి. దీన్ని వింతగా చెప్పి వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది. తెర మీది బొమ్మ జనానిది, వాళ్ళు తిట్టుకున్నా పొగుడుకున్నా వాళ్ళిష్టం అని తేల్చుకున్న నటికి ఆ బొమ్మను కాపాడుకునే పని ఉండదు. అందంగా కనబడుతూ ఉండాల్సిన హీరోయిన్‌కి, వయసు దాచుకోవాల్సిన హీరోకి ఆ వెసులుబాటు లేదు. వాళ్ళ బొమ్మా వాళ్ళూ ఒకటే అని జనం అనుకోవాలి, ఆ నమ్మకం మీదే వ్యాపారం. క్యారెక్టర్ ఆర్టిస్టుల ముసలితనం హీరోల ముసలితనం కంటే ప్రశాంతంగా గడవడానికి ఇది ఒక కారణం అనుకోవచ్చు.

పాలకొల్లు అల్లు రామలింగయ్య హోమియో వైద్యం చేసేవారు. వెయ్యికి పైగా సినిమాల్లో వేషాలు వేస్తూ కూడా ఆ మందుల పెట్టె వదల్లేదు. రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. హాస్యనటుడి పేరు మెడికల్ కాలేజీకి ఉండడం ఎక్కడో గాని చూడం.

రాజమండ్రి రాజబాబు ఇంత నిబ్బరంగా ఉన్న మనిషి కాదేమో అనిపిస్తుంది. మాస్టరు ఉద్యోగం వదిలి మద్రాసు వెళ్ళి, డెబ్బైల్లో తిరుగులేని హాస్యనటుడైన ఆయన తన పుట్టినరోజు నాడు పాతతరం నటులను పిలిచి సన్మానం చేసేవారు. కోరుకొండలో ఆయన పేర జూనియర్ కాలేజీ ఉంది. ఇదంతా దానగుణమే, సందేహం లేదు. అయితే పుట్టినరోజు వేడుకకు వేషాలు తగ్గిన పెద్దలనే ఎంచుకోవడంలో ఇంకేదో ఉంది. రేపు తనకూ ఆ కుర్చీ తప్పదని తెలిసినవాడి చూపు అది. సొంతంగా నిర్మించిన సినిమాలకు ఆయన పెట్టుకున్న పేర్లు చూడండి: ఎవరికి వారే యమునా తీరే, మనిషి రోడ్డున పడ్డాడు. నవ్వించడమే పని అయిన మనిషి డబ్బు పెట్టి తీసుకున్నవి ఇవి. 1983లో, యాభై నిండకుండానే పోయారు.

ఈ అనుభవాలన్నిటికీ అవతల, నటుడి విజయాన్ని కొలిచే తక్కెడ ఒకటుంది. అదీ గోదావరి ఒడ్డునే ఉంది. తెలుగు సినిమా వ్యాపారం రాష్ట్రాలను ఏరియాలుగా చీల్చి అమ్ముతుంది: నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ (తూర్పు, పశ్చిమ గోదావరి), కృష్ణా, గుంటూరు, నెల్లూరు. 2022 ఏప్రిల్‌లో ఉభయగోదావరి జిల్లాలు విడిపోయి కాకినాడ, కోనసీమ, ఏలూరు అంటూ కొత్త జిల్లాలొచ్చాయి. ట్రేడ్ భాషలో మాత్రం ఈస్ట్ ఈస్టే, వెస్ట్ వెస్టే. శుక్రవారం సినిమా పడితే శనివారం పొద్దున్నకల్లా ఈస్ట్ షేర్ (హాలు ఖర్చులు పోగా సినిమా కొన్నవాడికి మిగిలే వాటా) ఎంత, వెస్ట్ షేర్ ఎంత అని ఫోన్లలో తిరుగుతుంది. పంట బాగుండి, చేపల చెరువులకు ధర ఉండి, సంక్రాంతి కలిసొస్తే ఒక లెక్క. వర్షాలు ముంచితే ఇంకో లెక్క. నటుడు చేసిన నటన రెండింట్లోనూ అదే. అతని జాతకాన్ని రొయ్య ధర కూడా కొంత రాస్తుందన్నమాట.

మరి లెక్క బాగా వచ్చినప్పుడైనా సంతోషం నిలవాలి కదా. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం లాటరీ తగిలిన 22 మందిని అంతేమంది మామూలు మనుషులతో, ప్రమాదాల్లో కాళ్ళు, కొందరికి చేతులు కూడా చచ్చుబడ్డ 29 మందితో పోల్చి చూసింది. లాటరీవాళ్ళు మామూలువాళ్ళకంటే చెప్పుకోదగ్గ సంతోషంగా ఏమీ లేరు. పైగా పొద్దున్న టిఫిన్ తినడం, స్నేహితుడితో కబుర్లు చెప్పుకోవడం లాంటి చిన్న సంగతుల్లో వాళ్ళకు రుచి తగ్గింది. చిన్న అధ్యయనం కాబట్టి దాని మీద మేడలు కట్టకూడదు. కానీ నటుడి విషయంలో అలవాటుపడడం ఒక్కటే కాదు చిక్కు. లాటరీ తగిలినవాణ్ణి వచ్చే ఏడాది మళ్ళీ అంతే తగలాలని ఎవరూ అడగరు. హీరోని అడుగుతారు. మొదటి సినిమా ఈస్ట్‌లో ఎంత చేసిందో రెండోది దాటాలి. దాటకపోతే, ముందు సినిమా కంటే నాలుగు రూపాయలు తక్కువొచ్చిన హిట్టు కూడా ఫ్లాపు కిందే జమ.

చప్పట్లను ఇంకో సరుకులోకి మార్చుకోవడమూ కష్టమే. నరసాపురం వైఎన్ కాలేజీలో చదివి మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిన చిరంజీవి 2008లో ప్రజారాజ్యం పెట్టారు. 2009 ఎన్నికల్లో ఎక్కడో ఉన్న తిరుపతిలో గెలిచి, సొంత గడ్డ లాంటి పాలకొల్లులో ఓడారు. అక్కడి జనం ఆయన సినిమాలు చూడడం మానేశారా అంటే అదేం లేదు. చిరంజీవి ఊరైన మొగల్తూరు నుంచే వచ్చిన కృష్ణంరాజు 1998లో కాకినాడ, 1999లో నరసాపురం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్రమంత్రి అయ్యారు, 2004లో ఓడారు, 2009లో రాజమండ్రిలో మళ్ళీ ఓడారు. ఫ్లెక్సీకి పాలు పోసే చెయ్యి ఓటు దగ్గర వేరే లెక్క వేసుకుంటుంది. అది అభిమానం తగ్గడం కాదు, ఏది ఎంతవరకో జనానికి తెలియడం.

ఆనందం ఎవరికి చెందుతుందన్న ప్రశ్న మన అలంకారికులకు కొత్త కాదు. రసాన్ని అనుభవించేది చూసే సహృదయుడే గాని నటుడు కాదని అభినవగుప్తుడి పక్షం. సినిమా షూటింగు చూసినవాళ్ళకు ఈ మాట వెంటనే ఒంటబడుతుంది. తల్లి చనిపోయిన సీను పొద్దున్న తొమ్మిదింటికి తీస్తారు. కళ్ళలో గ్లిజరిన్, నెత్తి మీద లైటు, పక్కనే టీ గ్లాసులతో యూనిట్. నాలుగో టేకు ఓకే అంటారు. చప్పట్లు ఆరునెలల తరవాత, అతను లేని ఊళ్ళో, అతను లేని చీకటి హాల్లో పడతాయి. అతనికి చేరేది షేర్ అంకె.

పద్యనాటకంలో అలా కాదు. భీమవరం చుట్టుపక్కల జాతరలో రాయబారం వేశారంటే ఆ రాత్రికి కృష్ణుడు ఒకడుండడు, ఇద్దరో ముగ్గురో ఉంటారు. పడక సీను (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు వచ్చే ఘట్టం) కృష్ణుడు వేరు, సభలో కృష్ణుడు వేరు. పద్యాలు తిరుపతి వెంకట కవులవి, వాళ్ళిద్దరూ ఈ డెల్టావాళ్ళే, ఒకరిది యండగండి, ఒకరిది కడియం. ముందువరస ముసలివాళ్ళకు పద్యం నోటికొచ్చు కాబట్టి రాగం ఎక్కడ లాగుతాడో ముందే చెవులు రిక్కించి ఉంటారు. బాగా లాగితే వన్స్‌మోర్, అక్కడికక్కడే. వెంటనే ఎవరో స్టేజీ ఎక్కి అయిదొందల నోటు జేబుకు గుచ్చుతారు, ఫలానావారి అబ్బాయి ఫలానా చదివించారని మైకులో వినబడుతుంది. హార్మోనియం మనిషి ఆగి మళ్ళీ శ్రుతి ఇస్తాడు. పద్యం పోతే పోయిందనీ అప్పుడే తెలుస్తుంది, జనం లేచి మిరపకాయ బజ్జీల వైపు నడుస్తారు. అభినవగుప్తుడు ఏమన్నా, ఇక్కడ రసంలో కొంత వాటా నటుడికీ అందుతున్నట్టే ఉంది. రంగస్థలం నుంచి సినిమాకెళ్ళినవాళ్ళు పాత రోజుల గురించి మాట్లాడినప్పుడు గొంతు మారడానికి కారణం చిన్నతనం మీద బెంగ ఒక్కటే కాదు. జీతం అందుకునే చోటూ మెప్పు అందుకునే చోటూ అప్పట్లో ఒకటే. సినిమా ఆ రెండింటినీ విడదీసింది.

అయితే రంగస్థలాన్ని దేవాలయం చేసి కూర్చోబెట్టడం కూడా తప్పే. పడక సీను ఎవరికివ్వాలన్న దాని మీద అలకలు, కిరీటాల అద్దె, మేకప్, తెరలు, వ్యాన్ ఖర్చు పోగా మిగిలేది పంచుకునేటప్పుడు గొడవలు అక్కడా ఉన్నాయి. రెండో కృష్ణుడికి వన్స్‌మోర్లు ఎక్కువొస్తే మొదటి కృష్ణుడు మాట్లాడకుండా వ్యాన్ ఎక్కుతాడు.

కొత్తతరంలో మారుతూ బతకడం నేర్చుకున్నవాళ్ళున్నారు. భీమవరం నుంచి వచ్చిన సునీల్ కమెడియన్‌గా స్థిరపడి, 2010లో మర్యాద రామన్నతో హీరోగా పెద్ద హిట్టు చూసి, ఆ తరవాత హీరో వేషాలు కలిసిరాకపోతే 2020లో కలర్ ఫోటో, మరుసటేడు పుష్పలో ప్రతినాయకుడిగా తిరిగొచ్చారు. హీరో అయ్యాక వెనక్కి రావడాన్ని మన పరిశ్రమ పడిపోవడంగా చూస్తుంది. కాల్షీటు లెక్కలో చూస్తే అదే తెలివైన దారి. గుంటూరు జిల్లాలో పుట్టి, భీమవరంలో చదివి, అత్తిలి కాలేజీలో తెలుగు పాఠం చెప్పిన బ్రహ్మానందం షూటింగ్ లేనప్పుడు పెన్సిల్ పట్టుకుని బొమ్మలు గీస్తారు. దేవుళ్ళ బొమ్మలు గంటలకొద్దీ గీసి తెలిసినవాళ్ళకు ఇస్తారు. దానికి నిర్మాత అక్కర్లేదు, ఓపెనింగ్స్ లేవు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. విజయంలో సుఖం లేదని చెప్పేవాళ్ళందరూ విజయం చూసినవాళ్ళే. చూడనివాళ్ళను ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరు. అమలాపురం నుంచో తణుకు నుంచో ఫోటోల ఆల్బం పట్టుకుని హైదరాబాద్ కృష్ణానగర్ చేరిన కుర్రాళ్ళలో చాలామంది గుంపులో నిలబడే వేషం దగ్గరే ఆగిపోతారు. వాళ్ళకు డబ్బుతో సుఖం రాదని చెప్పడం అన్యాయం. రూము అద్దెకు, అమ్మ మందులకు సరిపడా డబ్బు వస్తే వాళ్ళకు నిజంగానే బోలెడు సుఖం వస్తుంది. సుఖం లేదన్న మాట ఆ గీత దాటాక పనికొచ్చేది.

కాబట్టి ఆడిషన్లకు తిరిగే కుర్రాడు పెద్ద నటుల ఇంటర్వ్యూల్లో ఆనందం గురించి చెప్పిన భాగం కన్నా, వేషాలు లేని ఏళ్ళలో ఇల్లు ఎలా గడిచిందో చెప్పిన భాగం ఎక్కువ శ్రద్ధగా చదవాలి. రంగారావుకు ఫైర్ సర్వీసు, రేలంగికి పుల్లయ్య కంపెనీ పని, రాజబాబుకు బడి, బ్రహ్మానందానికి కాలేజీ జీతం. ఇప్పుడు ఆ చోట క్యాబ్ నడపడం, డెలివరీ బ్యాగు మొయ్యడం, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసివ్వడం ఉన్నాయి. ఇవేవీ లేనివాళ్ళకు నెలనెలా ఊళ్ళో నాన్న పంపే డబ్బు, అదీ దాళ్వా (రెండో) పంట బాగా పండిన ఏడాదైతే.